ఉచిత న్యాయ సహాయము: తలుపు ఎక్కడ ఉన్నది?

మా ఊరి నుండి బెంగళూరు చేరి ఇళ్లలో పనిచేయుచున్న ఒక తల్లి, భర్త ఆస్తిలో వాటా కొరకు వడ్డీకి అప్పు తెచ్చి వకీలును పెట్టుకొన్నది. స్త్రీ అగుటయే ఉచిత న్యాయ సహాయమునకు చాలిన అర్హత అని ఆమెకు ఎవరును చెప్పలేదు.

1976లో రాజ్యాంగమున చేరిన 39ఎ అధికరణము ఈ సహాయమును ప్రభుత్వ బాధ్యతగా పేర్కొన్నది. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చినది. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులములు, తెగలవారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు మొదలగువారు ఆదాయముతో నిమిత్తము లేకుండ అర్హులు. ఇతరులకు ఆదాయ పరిమితి కలదు. అది రాష్ట్రమును బట్టి మారును. వకీలు ఫీజును, కోర్టు రుసుమును సంస్థయే భరించును. అప్పీలు పత్రముల అనువాదపు ఖర్చు కూడ ఇందులో చేరును.

సాధారణముగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఈ సంస్థ కార్యాలయము ఉండును. తాలూకా కోర్టులలో కమిటీలు కలవు. దరఖాస్తు స్థానిక భాషలో గాని ఆంగ్లములో గాని ఇవ్వవచ్చును. వ్రాయలేనివారి వివరములను అక్కడివారే వ్రాసికొందురు. కనుక కన్నడమో తమిళమో వ్రాయుట రాదని వెనుదిరుగ నక్కరలేదు. 15100 నంబరుకు ఫోను చేసినను దారి చెప్పుదురు.

ఆ నంబరును మా బడి గోడ మీద వ్రాయించితిని. పట్నము పోవు మీ పిల్లల చేతను వ్రాయించి పంపుడు.