అడవిలో పరిగెడితే మీ వాచ్ ఎందుకు తప్పు చెబుతుంది? అనంతగిరి ట్రైల్ రన్‌లో నేను నేర్చుకున్నది

ఒకే దారి, ఒకే టైమ్. ఇద్దరం పక్కపక్కనే పరిగెత్తాం. లూప్ పూర్తయ్యాక చూస్తే నా స్మార్ట్‌వాచ్‌లో 13.2 కి.మీ., మా ఫ్రెండ్ ఫోన్‌లో 14.6 కి.మీ.! ఇవే రెండింటినీ అంతకుముందు రోడ్డు మీద టెస్ట్ చేస్తే 100 మీటర్ల తేడా కూడా రాలేదు. మరి అడవిలోకి వెళ్లగానే వీటికి ఏమైంది?

డిస్టెన్స్ తేడా వస్తే పెద్ద నష్టం లేదు, స్క్రీన్‌షాట్ కొంచెం అందంగా రాదు, అంతే. కానీ ఆ రోజు మేము దారి కూడా తప్పాం. అందుకే ఈ ఆర్టికల్‌లో స్పెక్స్ షీట్ పక్కన పెట్టి, కొండల్లో, చెట్ల కింద జీపీఎస్ అసలు ఎలా పనిచేస్తుందో, మనం ముందే ఏం సెట్ చేసుకోవాలో చూద్దాం.

ఆ రోజు ఏం జరిగిందంటే

వికారాబాద్ పక్కన అనంతగిరి కొండలు హైదరాబాద్ రన్నర్లకు బాగా తెలిసినవే. మూసీ నది పుట్టేది అక్కడే. మరీ ఎత్తైన కొండలు కావు కానీ, ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం అలా సాగుతూనే ఉంటుంది. ఆగస్టు నెల, పొద్దున వాన పడి ఆగింది. ఆకులన్నీ తడిగా ఉన్నాయి, రాళ్లు జారుతున్నాయి. మేము మధ్యాహ్నం మూడున్నరకు స్టార్ట్ చేశాం. ఇది మొదటి తప్పు.

రెండో తప్పు పూర్తిగా నాదే. వాచ్‌లో ఛార్జింగ్ 40 శాతమే ఉందని బ్యాటరీ సేవర్ జీపీఎస్ మోడ్ పెట్టాను. సుమారు తొమ్మిదో కిలోమీటర్ దగ్గర దారి రెండుగా చీలింది. అక్కడ ఆగి నీళ్లు తాగి, వాచ్‌లో ఎత్తు ఒకసారి చూసుకుని ఎడమవైపు దిగాం. ఇరవై నిమిషాలయ్యాక మా వాడు ఆగిపోయి, "మామా, ఇది పశువులు నడిచే దారిలా ఉందిరా" అన్నాడు. వాచ్ చూస్తే మేము సరైన దారిలోనే ఉన్నట్టు చూపిస్తోంది. ఫోన్ చూస్తే సిగ్నల్ లేదు, బ్యాటరీ 6 శాతం. టైమ్ ఆరు కావస్తోంది. మబ్బు పట్టిన రోజు చెట్ల కింద అప్పటికే చీకటి మొదలైంది.

జీపీఎస్‌కు అడవి ఎందుకు పడదు?

జీపీఎస్ శాటిలైట్లు దాదాపు 20,200 కి.మీ. ఎత్తులో తిరుగుతుంటాయి. అక్కడి నుంచి వచ్చే సిగ్నల్ ఎంత టైమ్ తీసుకుందో కొలిచి, మన వాచ్ దూరం లెక్కగడుతుంది. కనీసం నాలుగు శాటిలైట్లు దొరికితేనే మన పొజిషన్, ఎత్తు సరిగ్గా తేలతాయి. ఈ లెక్కలో ఒక్క మైక్రోసెకను తేడా వస్తే 300 మీటర్ల తప్పు.

భూమిని చేరేసరికి ఆ సిగ్నల్ చాలా బలహీనంగా ఉంటుంది. తడి ఆకులు అంటే నీళ్ల పొరే. అవి సిగ్నల్‌ని ఇంకా తగ్గిస్తాయి. లోయలోకి దిగితే కొండ అడ్డం వచ్చి సగం ఆకాశం కనపడదు, శాటిలైట్లు తగ్గిపోతాయి. పైగా కొన్ని సిగ్నల్స్ కొండరాయికి తగిలి, చుట్టు తిరిగి ఆలస్యంగా వస్తాయి. వాచ్ మాత్రం ఆ శాటిలైట్ ఇంకా దూరంగా ఉందనుకుని, మన చుక్కని పక్కకు జరుపుతుంది. దీన్నే మల్టీపాత్ అంటారు.

ఇప్పుడు మా ఇద్దరి నంబర్లు ఎందుకు తేడా వచ్చాయో చూడండి. ఫోన్ ప్రతి సెకనూ పాయింట్ తీసుకుంది. ఆ పాయింట్లు అటూ ఇటూ ఊగడంతో గీత వంకరటింకరగా వచ్చి దూరం పెరిగింది. నా వాచ్ బ్యాటరీ కోసం అరుదుగా పాయింట్లు తీసుకుంది. మలుపులన్నీ కోసేసి నేరుగా గీత గీసింది, దూరం తగ్గింది. ముప్పై నలభై మీటర్ల ఎడంలో రెండు దారులు ఉంటే, అలాంటి గీతతో ఏ దారిలో ఉన్నామో తెలిసే ఛాన్సే లేదు.

డ్యూయల్ ఫ్రీక్వెన్సీ నిజంగా అవసరమా?

అడవిలో పరిగెత్తేవాళ్లకైతే అవసరమే. మామూలు జీపీఎస్ వాడేది ఎల్1 బ్యాండ్, అంటే 1575.42 మెగాహెర్ట్జ్. కొత్తది ఎల్5, 1176.45 మెగాహెర్ట్జ్. సింపుల్‌గా చెప్పాలంటే, వాచ్ దూరం కొలిచే స్కేల్‌లో ఒక గీత ఎల్1లో సుమారు 293 మీటర్లు ఉంటే, ఎల్5లో సుమారు 29 మీటర్లే. స్కేల్ పది రెట్లు సన్నగా ఉంది కాబట్టి, నేరుగా వచ్చిన సిగ్నల్ ఏదో, కొండకు తగిలి వచ్చింది ఏదో విడదీయడం సులువు.

2018లో షావోమీ ఎంఐ 8తో ఈ డ్యూయల్ ఫ్రీక్వెన్సీ ఫోన్లలోకి వచ్చింది. ఇప్పుడు చాలా ఫోన్లలో, స్పోర్ట్స్ వాచ్‌లలో ఉంది. మన ఇస్రో నావిక్ కూడా ఎల్5 వాడుతుంది. 2023 మే 29న ప్రయోగించిన ఎన్‌వీఎస్-01తో ఎల్1 కూడా జత చేశారు. అయితే ఒక విషయం గుర్తుంచుకోండి: రెండు బ్యాండ్లు ఆన్‌లో ఉంటే బ్యాటరీ త్వరగా దిగుతుంది.

మమ్మల్ని బయటపడేసింది బారోమీటర్

వాచ్‌లో "బ్యాక్ టు స్టార్ట్" నొక్కితే బాణం గుర్తు నేరుగా లోయ అవతలికి చూపించింది. అది దారి కాదు, గాలిలో గీసిన గీత. దాన్ని నమ్మి దిగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడం కూడా నాకు ఇష్టం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఎత్తు. చీలిక దగ్గర చూసిన నంబర్ కంటే మేము 58 మీటర్లు కిందికి వచ్చేశాం. ముందురోజు ఫోన్‌లో సేవ్ చేసుకున్న ఎలివేషన్ గ్రాఫ్ తీసి చూస్తే, ఆ చీలిక తర్వాత ఒక కిలోమీటర్ దాకా దారి దాదాపు సమంగా ఉండాలి. అంటే తప్పు దారి అని తేలిపోయింది. వచ్చిన దారినే వెనక్కి ఎక్కాం. నంబర్ మళ్లీ పాత ఎత్తుకు రాగానే, మేము నీళ్లు తాగిన చోటు కనిపించింది.

జీపీఎస్ తడబడినప్పుడు బారోమీటర్ ఎందుకు నిలబడింది? శాటిలైట్లన్నీ మన పైనే ఉంటాయి, కింద ఏదీ ఉండదు. అందుకే జీపీఎస్ ఎత్తు లెక్క ఎప్పుడూ కొంచెం బలహీనం. బారోమీటర్‌కు శాటిలైట్లతో పనిలేదు, గాలి ఒత్తిడి చూస్తుంది. ఇలాంటి ఎత్తుల్లో 8-9 మీటర్లు ఎక్కితే ఒత్తిడి సుమారు 1 హెక్టోపాస్కల్ తగ్గుతుంది. దీనికీ ఒక లోపం ఉంది: వాతావరణం మారి ఒత్తిడి 3 హెక్టోపాస్కల్స్ పడిపోతే, మీరు కదలకుండా నిలబడినా 25 మీటర్లు ఎక్కినట్టు చూపిస్తుంది. అందుకే స్టార్ట్ చేసే ముందు క్యాలిబ్రేట్ చేయాలి.

ఇప్పుడు నేను ఏం చేస్తున్నాను?

రూట్ జీపీఎక్స్ ఫైల్‌ని వాచ్‌లో, ఆఫ్‌లైన్ మ్యాప్‌ని ఫోన్‌లో ముందురోజే లోడ్ చేస్తాను. జీపీఎస్‌కు సిమ్, డేటా అక్కర్లేదు, మ్యాప్‌కే కావాలి.

చెట్ల కిందికి వెళ్లకముందే, ఖాళీ జాగాలో నిలబడి వాచ్‌కు శాటిలైట్లు దొరికేదాకా రెండు నిమిషాలు ఆగుతాను.

సిగ్నల్ లేని చోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూ బ్యాటరీ తాగేస్తుంది. అందుకే ఏరోప్లేన్ మోడ్ పెడతాను. ఇప్పటి ఫోన్లలో జీపీఎస్ అప్పుడు కూడా పనిచేస్తుంది. కాల్స్ రావు కాబట్టి, ఎప్పటికి తిరిగొస్తానో ఇంట్లో ముందే చెప్పి వెళ్తాను.

హెడ్‌ల్యాంప్, చిన్న పవర్ బ్యాంక్, విజిల్ బ్యాగ్‌లో తప్పనిసరి. పొద్దున్నే స్టార్ట్ చేస్తాను. అటవీ శాఖ అనుమతి కావాలేమో కూడా ముందే కనుక్కుంటాను.

అమెరికాలోని టెన్నెసీ అడవుల్లో బార్‌క్లీ మారథాన్స్ అనే రేస్ ఉంది. ఒకే కొండ లూప్‌ని 60 గంటల్లో ఐదుసార్లు తిరగాలి, జీపీఎస్ వాడకూడదు. మ్యాప్, కంపాస్, ఒక మామూలు వాచ్, అంతే. 2024లో జాస్మిన్ పారిస్ 99 సెకన్లు మిగిలుండగా ఆ రేస్ పూర్తిచేసిన తొలి మహిళ అయింది. మనం అంత చేయక్కర్లేదు. కానీ గాడ్జెట్ చెప్పేదాన్ని కళ్ల ముందున్న దారితో పోల్చి చూసుకోవడం మాత్రం నేర్చుకోవచ్చు. ఆ సాయంత్రం నా వాచ్ కంటే ముందు అనుమానపడింది మా వాడే కదా!