కాలువగట్టు నుండి క్రీడాంగణమునకు

తెనాలిలో చీలివచ్చిన రైలుమార్గము రేపల్లెతో ముగియును. అచ్చటినుండి నిజాంపట్నము పోవువారికి రోడ్డే శరణ్యము. కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఈ సీమలో కొండ లేదు, గుట్ట లేదు. వరిచేల నడుమ, కాలువగట్ల వెంబడి దారి చదునుగా సాగి, తుదకు రేవును చేరును. ఇట్టి నేల సైకిలునకు పుట్టినిల్లు వంటిది. మోటారు బండ్లు పెరిగిన ఈ కాలమున గూడ బడికి పోవు బాలబాలికలకు, చేపల గంపను వెనుక కట్టుకొని ఊరూర తిరుగు చిరువర్తకునకు అది నమ్మిన తోడు.

మధ్యాహ్నము దాటిన పిమ్మట సముద్రపు గాలి లేచును. రేవు వైపు పోవువారికి అది ఎదురుగాలి. బడి విడిచి ఇండ్లకు మరలు పిల్లలు నలుగురైదుగురు కలిసినప్పుడు ఒక ఉపాయము పన్నుదురు. బలశాలి ముందు నడచును. తక్కినవారు అతని వెనుకచక్రమునకు దగ్గరగా వరుస కట్టుదురు. ముందువాడు అలసినంతనే ప్రక్కకు తొలగి వెనుకకు వచ్చును. రెండవవాడు ముందునకు పోవును. ఈ విద్యను గాలియే వారికి నేర్పినది. ఒలింపిక్ క్రీడలలో పతకములకై పోరాడు సైకిలు జట్లు ఆచరించు విద్య గూడ మూలమున ఇదియే. తేడా అభ్యాసములో, పరికరములో, నేలలో ఉన్నది. ఆ తేడా ఎంతటిదో, దానిని తగ్గించు మార్గమేదో ఉపాధ్యాయులును విద్యార్థులును విచారింపదగును.

నిజాంపట్నమునకు ప్రపంచముతో సంబంధము క్రొత్తది కాదు. పాశ్చాత్యులు పెటపోలి యని పిలిచిన ఈ రేవున 1606లో డచ్చివారు వర్తకస్థానమును నెలకొల్పిరి. 1611లో ఇంగ్లీషువారి గ్లోబ్ అను ఓడ ఇచ్చటికి వచ్చినది. ఈ సీమ అద్దకపు బట్టలు నాడు దూరదేశములలో పేరొందినవి. అట్టి ఊరి పిల్లలు ప్రపంచక్రీడల మాట తమది కాదనుకొనుట తగదు.

ఆధునిక ఒలింపిక్ క్రీడలు 1896లో ఏథెన్సున ఆరంభమైననాడే సైకిలు పందెములు వానిలో చేరినవి. ఏథెన్సు నుండి మారథాన్ గ్రామమునకు పోయి మరలివచ్చు రోడ్డు పందెము దూరము 87 కిలోమీటర్లు. గ్రీకు దేశస్థుడగు అరిస్టిడిస్ కాన్‌స్టాంటినిడిస్ మారథాన్‌ను ముందుగా చేరెను గాని, తిరుగుదారిలో అతని సైకిలు చెడిపోయినది. మరొకరి సైకిలు అడిగి పుచ్చుకొని ఎక్కునంతలో ఎడ్వర్డ్ బాటెల్ అను ఇంగ్లీషు యువకుడు అతనిని దాటిపోయెను. పిదప బాటెల్ పడిపోయెను. కాన్‌స్టాంటినిడిస్ తానును ఒకమారు పడి, లేచి, ప్రథముడై గమ్యము చేరెను, బాటెల్ మూడవవాడయ్యెను.

ఈ బాటెల్ కథలో గమనింపదగినది మరొకటి గలదు. అతడు ఏథెన్సులోని బ్రిటిషు రాయబార కార్యాలయమున సేవకుడు. కూలికి పనిచేయువాడు పెద్దమనుషుల పోటీలో పాల్గొనరాదని అతని దేశీయులే కొందరు అభ్యంతరపెట్టిరి. ఆ అభ్యంతరము నిలువలేదు. శ్రమజీవి వాహనమైన సైకిలు క్రీడారంగమున ప్రవేశించిన తొలినాడే శ్రమజీవి గూడ ప్రవేశించెను. స్త్రీలకు మాత్రము ఈ ద్వారము తెరచుకొనుటకు 1984 లాస్ ఏంజెలిస్ క్రీడల వరకు కాలము పట్టినది. 2024 పారిస్ క్రీడల నాటికి పురుషులకు 11, స్త్రీలకు 11 సైకిలు పోటీలు సమముగా ఏర్పడినవి.

పెద్ద క్రీడోత్సవములలో సైకిలు పోటీలు పలువిధములు. నగరవీధులలోను కొండదారులలోను సాగు రోడ్డు పందెములు ఒకటి. గుట్టలలో, మట్టి మిట్టలపై జరుగు పందెములు మరొకటి. అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది వెలోడ్రోము అను బాటపై జరుగు పందెము. అది కోడిగ్రుడ్డు ఆకారమున, చుట్టుకొలత 250 మీటర్లు ఉండునట్లు, చెక్కపలకలతో నిర్మితమగును. మలుపులలో దాని వాలు నలుబది డిగ్రీలకు మించియుండును. నడచి ఎక్కుటకే కాలు జారు ఆ వాలుపై సైకిళ్లు బాణములవలె దూసుకొనిపోవును. వేగముగా మలుపు తిరుగు వస్తువును బాట లోనివైపునకు నెట్టవలసియుండును. చదునైన బాటపై ఆ పనిని టైరు పట్టు ఒక్కటే చేయవలెను. పట్టు తప్పినంతనే సైకిలు వెలుపలికి జారును. బాట వాలియున్నచో ఆ భారమును బాటయే వహించును. ఎడ్లబండి మలుపులో ఒరిగినప్పుడు బండివాడు లోనివైపునకు ఒరుగుటలో ఉన్న న్యాయమే ఇదియును.

ఆ సైకిలునకు బ్రేకులు లేవు, ఫ్రీవీలు లేదు. చక్రము తిరుగుచున్నంతసేపు కాళ్లును తిరుగవలసినదే. ఆగవలెనన్నచో మెల్లమెల్లగా వేగము తగ్గించుకొనుట తప్ప గత్యంతరము లేదు. బ్రేకు లేదని రౌతుకు తెలియును, ప్రక్కవానికి తెలియును. కావున ఒకడు హఠాత్తుగా ఆగునను భయము మరొకనికి లేదు.

అచ్చట అసలు ప్రతిద్వంద్వి గాలి. వేగము రెండింతలైనచో గాలి నిరోధము నాలుగింతలగును. దానిని జయించుటకు కావలసిన శక్తి ఎనిమిదింతలగును. భౌతికశాస్త్ర పాఠములో సూత్రముగా చదివిన ఈ విషయము సైకిలు రౌతుకు తొడలలో తెలియును. అందుచేతనే జట్టు పర్స్యూటు అను పందెమున నలుగురు రౌతులు ఒకని వెనుక ఒకడు నిలిచి, ముందువాడు వంతులవారీగా మారుచు, 4 కిలోమీటర్లు పరుగెత్తుదురు. మూడవవాడు గీత దాటిన క్షణమే జట్టు కాలముగా లెక్కకు వచ్చును. కావున ఒక్కని బలము చాలదు. 2024 పారిస్ క్రీడలలో ఆస్ట్రేలియా జట్టు ఈ దూరమును 3 నిమిషముల 40.730 సెకనులలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. అనగా గంటకు సుమారు 65 కిలోమీటర్ల వేగము! నిజాంపట్నము దారిలో పిల్లలు గాలికి వ్యతిరేకముగా కట్టు వరుసయే అచ్చట అంతటి కళగా పరిణమించినది.

కెయిరిన్ అను మరొక పందెము జపానులో పుట్టినది. యుద్ధమున దెబ్బతిన్న పట్టణములను తిరిగి నిర్మించుటకు ధనము సమకూర్చుటకై 1948లో కోకురా నగరమున అది ఆరంభమైనది. యంత్రవాహనముపై ఒకడు ముందు నడచుచు వేగమును క్రమముగా గంటకు 50 కిలోమీటర్ల వరకు పెంచి తొలగిపోవును; పిమ్మట రౌతులు తమ బలముకొలది గమ్యమునకు దూకుదురు. 2000 సిడ్నీ క్రీడలలో ఇది ఒలింపిక్ పోటీ అయ్యెను.

ఇక భారతదేశపు కథ ఆశతో మొదలై నిరాశలోనికి దిగినది. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి సంవత్సరమే, 1948 లండన్ ఒలింపిక్ క్రీడలలో, భారత సైకిలు రౌతులు పాల్గొనిరి. 1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగినప్పుడు ఆరు క్రీడలలో సైకిలు పందెము ఒకటి. ఆ పోటీలలో జట్టు పర్స్యూటున భారత జట్టు రజతపతకమును గెలుచుకొనెను. 1952 హెల్సింకీలోను, 1964 టోక్యోలోను భారతీయులు మరల ఒలింపిక్ సైకిలు పందెములలో నిలిచిరి. అటుపిమ్మట 2024 పారిస్ క్రీడల వరకు ఒక్కరును ఆ రంగమున అడుగిడలేదు. ఆసియా క్రీడలలో గూడ 1951 తరువాత, 2023లో హాంగ్‌చౌలో జరిగిన క్రీడల వరకు, సైకిలు పందెమున భారతదేశమునకు పతకము దక్కలేదు. కోట్ల సైకిళ్లున్న దేశమునకు ఇది చింతింపదగిన విషయము.

కారణమేమి? కాళ్లలో బలము లేక కాదు. బరువు కట్టుకొని ఎదురుగాలిలో మైళ్లకొలది తొక్కువానికి బలము లేదనుట హాస్యాస్పదము. పందెపు సైకిలు వెల లక్షలలో ఉండును. అభ్యాసమునకు తగిన బాటలు దేశమంతటను వ్రేళ్లపై లెక్కింపదగినవి. 2010 కామన్వెల్త్ క్రీడలకై ఢిల్లీలోని ఇందిరాగాంధీ క్రీడాప్రాంగణమున చెక్క వెలోడ్రోము నిర్మితమైనది. తెలుగువారికి 2002 జాతీయ క్రీడల సందర్భమున హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ఒక వెలోడ్రోము ఏర్పడినది. కాని నిజాంపట్నము పిల్లవానికి అది సుమారు మూడువందల కిలోమీటర్ల దూరము. బాట చూడని వానిని పతకము తెమ్మనుట నేల విడిచి సాము చేయుమనుటయే.

దూరమొక్కటే అడ్డంకియైనచో అండమాను దీవులనుండి ఎవ్వరును పైకి రాకూడదు. కాని బంగాళాఖాతమునకు ఈవలి ఒడ్డున నిజాంపట్నము ఉన్నట్లే ఆవలి దిక్కున ఉన్న ఆ దీవులే నేటి భారత సైకిలు క్రీడకు ఆశాజ్యోతులైనవి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అండమానులో డెబొరా హెరాల్డ్ అను తొమ్మిదేండ్ల బాలిక చెట్టును ఆశ్రయించి, కొన్ని దినములు గడిపి, ప్రాణములు దక్కించుకొనెను. ఆ సునామీ అలలే ఆనాడు ఆంధ్రతీరమును గూడ తాకినవి. ఆ బాలిక పెరిగి సైకిలు పందెములలో ఆసియా స్థాయి పతకములు గెలిచెను. కార్ నికోబారు దీవికి చెందిన ఎసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండులోని ఎగల్‌లో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీలలో కెయిరిన్‌లో రజతము గెలిచి, ప్రపంచపోటీలలో భారతదేశమునకు తొలి సైకిలు పతకమును తెచ్చెను. 2019లో అతనితోపాటు మణిపురి యువకులు కూడిన జట్టు స్ప్రింటు జట్టు ప్రపంచ జూనియర్ స్వర్ణమును గెలిచెను. దీవులలో పిల్లలను గుర్తించి శిక్షణ ఇచ్చినవారు ఉండిరి. పిదప ఢిల్లీ బాట వారికి అందినది. పెద్ద నగరమున పుట్టుట ఇందుకు అవసరము కాలేదు. చూచు కన్ను అవసరమైనది.

ఆ చూచు కన్ను ముందుగా పాఠశాలలో ఉండవలెను. ప్రతి ఊరికి వెలోడ్రోము కట్టించుట సాధ్యము కాదు. కాని లారీలు తిరుగని వేళ, లారీలు తిరుగని దారిలో, ఒక కిలోమీటరు కొలిచి గీతలు గీయుట సాధ్యమే. చేతిగడియారముతో వారమునకొకసారి పిల్లల కాలమును పుస్తకమున వ్రాసినచో, మూడు మాసములలో ఎవడు ఎదుగుచున్నాడో తెలియును. పెడలు అడుగునకు వచ్చినప్పుడు మోకాలు దాదాపు నిటారగునట్లు సీటు ఎత్తును సరిచేయుట, టైరులో గాలి తగినంత నింపుట, తలకు రక్షణ కవచము ధరింపజేయుట, బలము పెట్టి నెమ్మదిగా తొక్కుటకంటె తేలికగా వడివడిగా తొక్కుట నేర్పుట — ఇవి వ్యయము స్వల్పమైన పాఠములు. బడికొస్తా పథకమున ఆంధ్రప్రదేశములో ప్రభుత్వ పాఠశాలల బాలికలు సైకిళ్లు పొందిరి. బడికి చేర్చిన ఆ సైకిలు పందెపు గీతవరకు గూడ చేర్చవచ్చునని వారికి చెప్పువారు కావలెను. వడిగల బిడ్డ కనబడినప్పుడు జిల్లా, రాష్ట్ర పోటీలకు పంపుట ఆ తరువాతి మెట్టు.

పంపిన వారందరును పతకములు తేరు. కాని కొలువబడని బలము తన్ను తానే ఎరుగదు. సాయంకాలము నిజాంపట్నము దారిలో ఎదురుగాలికి తల వంచి తొక్కుచున్న పిల్లల వరుసలో ముందున్న బాలుడో, బాలికయో ఎంత వేగముగా పోవుచున్నదో నేడు ఎవ్వరికిని తెలియదు. ఒక ఉపాధ్యాయుడు గడియారము చేతబట్టి కాలువగట్టున నిలిచిననాడు తెలియును.