మేకలలో శోషరస గ్రంథుల చీము వ్యాధి: గడ్డ పగలకముందే చికిత్స

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాలలో మేకలు రేగు, పరికి, తుమ్మ వంటి ముళ్ల పొదలలో మేస్తాయి. ముళ్లు గీరిన గాయాల ద్వారా కొరినీబాక్టీరియం స్యూడోట్యూబర్క్యులోసిస్ అనే సూక్ష్మజీవి శరీరంలో ప్రవేశించగలదు. దీనివలన కలిగే శోషరస గ్రంథుల చీము వ్యాధి ఒక మేక మెడపై చిన్న గడ్డగా బయటపడినా, అది మంద మొత్తానికి సంబంధించిన సమస్య.

వ్యాధి కారకం

ఈ సూక్ష్మజీవిని ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్మండ్ నోకార్డ్ 1888లో గుర్తించారు. ఇది విడుదల చేసే విషపదార్థం రక్తనాళాల గోడలను దెబ్బతీసి, వ్యాధి సమీప గ్రంథికి చేరేందుకు తోడ్పడుతుంది. అక్కడ ఏర్పడిన చీము చుట్టూ దళసరి పొర కడుతుంది. ప్రయోగశాలలో ఈ సూక్ష్మజీవిని చంపే యాంటీబయాటిక్ మందులు ఆ పొరను దాటి తగిన మోతాదులో లోపలికి చేరలేవు. అందువలన ఇంజక్షన్లతో మాత్రమే గడ్డ నయమగుట అరుదు.

లక్షణాలు

మేకలలో గడ్డలు ఎక్కువగా చెవి కింద, దవడ కింద, భుజం ముందు కనిపిస్తాయి. సోకిన తరువాత గడ్డ తేలడానికి సాధారణంగా 2 నుండి 6 నెలలు పడుతుంది. ఊపిరితిత్తులలో గడ్డలు ఏర్పడితే మేక మేత తింటున్నా చిక్కిపోతుంది, దగ్గుతుంది. జలగ వ్యాధిలోను, పొట్ట పురుగుల వలనను దవడ కింద వచ్చే నీటి వాపు మెత్తగా ఉండి, వేలితో నొక్కితే గుంట పడుతుంది. సందేహం ఉన్నచో చీమును ప్రయోగశాలకు పంపి నిర్ధారించాలి.

చికిత్స

గడ్డ మెత్తబడి, పైన వెంట్రుకలు రాలినప్పుడు పశువైద్యుడు మందకు దూరంగా దానిని కోయాలి. ఆ భాగంలో పెద్ద రక్తనాళాలు, నరాలు ఉన్నందున రైతులు స్వయంగా కోయరాదు. చీమును పూర్తిగా తీసి, పలుచన చేసిన పోవిడోన్ అయోడిన్ ద్రావణంతో గాయం లోపలి భాగాన్ని కడగాలి. తీసిన చీమును, వాడిన దూదిని కాల్చివేయాలి. గాయం పూర్తిగా మానేవరకు, అనగా సుమారు 20 నుండి 30 రోజులు, మేకను వేరుగా కట్టాలి. గడ్డలోకి ఫార్మలిన్ ఎక్కించే పద్ధతి మాంసంలో అవశేషాల దృష్ట్యా తగదు.

నివారణ

దొడ్డిలో గడ్డ పగిలితే సూక్ష్మజీవి మట్టిలో నెలల తరబడి జీవించి ఉంటుంది. కావున నెలకొకసారి ప్రతి మేక మెడను, దవడను చేతితో తడిమి చూడాలి. దొడ్డి కంచెలో మేకులు, తీగ మొనలు లేకుండా చూడాలి. చెవి పోగులు వేసే పరికరాలను ప్రతి మేకకు శుద్ధి చేయాలి. కొత్తగా కొన్న మేకలను కొంతకాలం వేరుగా ఉంచి పరీక్షించాలి. గడ్డలు తిరిగి తిరిగి వచ్చే మేకలను మంద నుండి తొలగించాలి. వాటిని పెంపకానికి సంతలో అమ్మితే వ్యాధి మరొక గ్రామానికి చేరుతుంది.

ఈ వ్యాధి అరుదుగా మనుషులకు కూడా సోకుతుంది. చీమును తాకేవారు చేతి తొడుగులు తప్పక ధరించాలి. గడ్డను గుర్తించిన రోజే మేకను వేరు చేయించగలిగితే విస్తరణ కార్యకర్త మిగిలిన మందను కాపాడినట్లే.