మూత్రాశయపు రాచపుండు – మన కర్తవ్యము

మూత్రములో రక్తము కనబడును; బాధ యుండదు. రెండు దినములలో అది తనంతట ఆగిపోవును. వేడిచేసినదని కొందరు, కొబ్బరినీళ్లతో సర్దుకొనునని కొందరు ఊరకుందురు. మూత్రాశయపు రాచపుండు, అనగా క్యాన్సరు, సాధారణముగా తొలుత ఈ రూపముననే కనబడును. రక్తము రాళ్లవలనను రావచ్చును గనుక బెదరనక్కరలేదు. కాని ఏది కారణమో నిర్ణయింపవలసినవాడు వైద్యుడే గాని ఇరుగుపొరుగువారు కారు.

ఈ వ్యాధికి హేతువు తెలిసిన విధము మనము గ్రహింపదగినది. 1895లో ఫ్రాంక్‌ఫర్టునందు లుడ్విగ్ రేన్ అను శస్త్రవైద్యుడు అద్దకపు రంగులు చేయు కర్మాగారపు కూలీలలో దీనిని కనిపెట్టి, వారి వృత్తియే కారణమని చాటెను. 1938లో అమెరికాలో హ్యూపరు కుక్కలపై ప్రయోగించి, రంగుల తయారీలో వాడు బీటా నాఫ్తిలమీను అను రసాయనము ఈ వ్యాధిని పుట్టించునని చూపెను. 1954లో ఇంగ్లండునందు రాబర్టు కేసు పనివారి మరణములను లెక్కించి ధ్రువపరచెను. రేన్ హెచ్చరికకును ఈ రుజువునకును నడుమ దాదాపు అరువదియేండ్లు గడచినవి. అంతకాలమును కూలీలు ఆ విషమును పీల్చుచునే యుండిరి. లాభము తెచ్చు సరకు విషయమున సత్యము మెల్లగా నడచును.

ఆ రసాయనమే పొగాకు పొగయందును కలదు. ఊపిరితిత్తులనుండి రక్తమునకును, రక్తమునుండి మూత్రపిండములకును చేరిన విషము మూత్రాశయమున గంటలకొలది నిలువయుండి లోపలి పొరను చెరచును. పొగత్రాగువారికి ఈ వ్యాధి తక్కినవారికంటె సుమారు మూడురెట్లు హెచ్చుగా వచ్చును.

చికిత్స లేకపోలేదు. సన్ననిగొట్టముతో లోపలచూచి కణితిని గీకివేయుదురు. అది మరల రాకుండ క్షయకు వాడు బి.సి.జి. టీకామందును మూత్రాశయములో నింపుదురు. ఈ పద్ధతిని 1976లో కెనడా వైద్యుడు మొరాలెసు ప్రకటించెను. వ్యాధి కండరమునకు దిగినచో శస్త్రచికిత్సయు, తీవ్రమైన మందులును అవసరమగును.

ఆ మందుల చరిత్రలో మనవాడొకడు కలడు. 1985లో న్యూయార్కు వైద్యులు ప్రకటించిన నాలుగుమందుల చికిత్సకు ఎం-వ్యాక్ అనిపేరు. అందు తొలియక్షరము మెథోట్రెక్సేటుది. ఆ జాతిమందులను లెడర్లే పరిశోధనాలయమున సృష్టింపజేసినవాడు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఆంగ్లాచార్యుని యాగ్రహమునకు గురియై, పూర్తిపట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకొనవలసివచ్చిన విద్యార్థి యాతడే. 1948లో కన్నుమూసిన యాతడు ఈ ఫలమును చూడలేదు. నేడు మరికొన్ని నూతనౌషధములు వచ్చినను, ఆ మందు స్థానము చరిత్రలో చెక్కుచెదరదు.

ఇట్టివాని జాతివారమైన మనము చేయవలసినదేమి? పొగాకు పండించు గుంటూరు, ప్రకాశము రైతులను దూషించిన ప్రయోజనములేదు. మరొక పంటకు గిట్టుబాటు ధర కల్పించినగాని రైతు ఆ పంటను విడువలేడు. బీడీలు చుట్టి బ్రతుకు తెలంగాణ స్త్రీలకు మరొక పని చూపినగాని ఆ వృత్తి పోదు. ఇది ప్రభుత్వధర్మము. 2008లో గాంధీజయంతినాడు బహిరంగస్థలములలో పొగత్రాగుటను నిషేధించు నియమము అమలులోనికి వచ్చెను. దానిని పాటించుట పౌరధర్మము. రసాయనపు కర్మాగారముల యజమానులు పనివారి మూత్రమును క్రమముగా పరీక్షింపజేయుట యజమానిధర్మము. రేన్ కాలపు కూలీలకు తెలియని ఆపద మనకు తెలిసియున్నది గనుక, ఉపేక్షకు సాకు లేదు.

చివరిది గృహస్థుని ధర్మము. పాల్మాకులనుండి శంషాబాదు మీదుగా హైదరాబాదునకు రాజమార్గము కలదు; అచట 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగు క్యాన్సరు వైద్యాలయము కలదు. అడ్డుగా నున్నది దూరము కాదు, సిగ్గు. ఎర్రని మూత్రమును చూచిన పురుషుడు భార్యకైన చెప్పక దాచుకొనుచున్నాడు. రోగమును దాచిన అది పెరుగును. వైద్యునికి తెలిపిన, తొలిదశలో చాలవరకు వశమగును.