డబ్బా లేని స్పీకర్

ప్లైవుడ్ పలకలో గుండ్రంగా కోత పెట్టడం అయ్యాక వడ్రంగి అడిగాడు: "సార్, వెనక డబ్బా ఎప్పుడు కొట్టాలి?"

"డబ్బా లేదన్నా, ఇంతే" అన్నాను. నమ్మలేదు. వెనక మూత లేకుండా స్పీకర్ ఏంటని ఆయన సందేహం.

నిజానికి ఇది మన ఇళ్లకు కొత్త కాదు. పాత వాల్వు రేడియోను వెనక్కి తిప్పితే చిల్లుల అట్ట కనిపించేది. వాల్వుల వేడి పోవడానికి పెట్టిన ఆ చిల్లుల్లోంచి స్పీకర్ వెనక శబ్దం కూడా బయటికి వచ్చేది. మా తాతయ్య రేడియోలో వార్తలు చదివే గొంతు మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టుండేది. తెరిచి ఉన్న ఆ వీపుకు అందులో వాటా ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

స్పీకర్‌లోని కోను ముందుకు కదిలితే ముందున్న గాలి నొక్కుకుంటుంది. అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. ఒక విడి స్పీకర్‌ను చేత్తో పట్టుకుని మోగించండి, పీలగా పాడుతుంది. ముందున్న ఒత్తిడి అంచు చుట్టూ తిరిగి వెనక లోటును పూడ్చేస్తుంది కాబట్టి బేస్ మాయమవుతుంది. ఇప్పుడు పెద్ద అట్టముక్కకు రంధ్రం కోసి, స్పీకర్‌ను దానికి ఆనించండి. అంతవరకు వినపడని మృదంగం ఎడమచేతి నాదం వచ్చేస్తుంది. అట్ట చేసిందల్లా ఆ చుట్టుదారిని పొడవు చేయడమే.

డబ్బా కడితే వెనక శబ్దం లోపలే బందీ అవుతుంది. బేస్ దక్కుతుంది. కానీ ఆ శబ్దం ఊరుకోదు. చెక్కను వణికిస్తుంది, పలచటి కోను గుండా మళ్లీ బయటికి వస్తుంది. గొంతు వింటూ "డబ్బా సౌండు" అని మనం అనేది దాన్నే.

పలకకు మాత్రం లెక్క కట్టాలి. 60 సెంటీమీటర్ల వెడల్పు పలక మధ్యలో స్పీకర్ బిగిస్తే, వెనక శబ్దం అదనంగా నడిచే దూరం సుమారు 30 సెంటీమీటర్లు. శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది. ఆ లెక్కన సుమారు 190 హెర్ట్జ్ కింద నష్టం మొదలవుతుంది. అక్కణ్ణుంచి ఒక్కో స్థాయి దిగినప్పుడల్లా ఒత్తిడి సగమవుతుంది. 95 దగ్గర సగం, 48 దగ్గర పావు. అందుకే పెద్ద కోను కావాలి, ఆంప్లిఫయర్‌లో బేస్ కొంత పెంచాలి.

ఇక్కడే నా డబ్బు వృథా అయింది. బరువైన అయస్కాంతం ఉంటే మేలనుకుని స్టేజీ మీద వాడే 15 అంగుళాల స్పీకర్లు కొన్నాను. బేస్ రాలేదు. బలమైన అయస్కాంతం కోనును గట్టిగా అదుపు చేస్తుంది. డబ్బాలో అది మంచి గుణమే, పలక మీద మాత్రం ఉన్న బేస్‌ను ఇంకా తగ్గిస్తుంది. స్పీకర్ వివరాల కాగితంలో ఈ అదుపును సూచించే 'క్యూటీఎస్' అనే అంకె ఉంటుంది. నేను కొన్నవాటికి అది 0.3. పలకకు 0.7 అటూఇటూ కావాలి. ఆ అంకె చూడకుండా జేబులో చెయ్యి పెట్టకండి.

ఇప్పుడు మా హాల్లో ఉన్నవి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు, మీటరు ఎత్తు. కింద 15 అంగుళాలది, పైన 8 అంగుళాల ఫుల్‌రేంజ్. పైదాన్ని మధ్యలో కాకుండా కాస్త పక్కకు జరిపాను. అన్ని అంచులూ ఒకే దూరంలో ఉంటే కొన్ని స్వరాలు ఒక్కసారే ఎగిసి, మరికొన్ని ఒక్కసారే పడిపోతాయి. పలక పడిపోకుండా వెనక బద్దెలు, దుమ్ము పట్టకుండా నూలు గుడ్డ.

బిగించిన రోజు వీణ పెట్టి వడ్రంగిని పలక అంచుకు ఎదురుగా, పక్కన నిలబడమన్నాను. మంద్రస్వరాలు దాదాపు ఆగిపోయాయి. ముందుకు రాగానే మళ్లీ పలికాయి. ముందు, వెనక శబ్దాలు అక్కడ సరిసమానంగా ఎదురుపడి రద్దయిపోతాయి. రెండు ధ్రువాలున్న ఈ తీరువల్లే వీటిని డైపోల్ అంటారు. ముందు అదే బిగ్గరతనం ఉన్నా, అన్ని వైపులా వెదజల్లే స్పీకర్‌తో పోలిస్తే గదిలోకి పోయే శక్తి మూడో వంతే. గది గోల తగ్గి తీగ మీటు తేటగా వినిపించడానికి అదే కారణం.

1957లో ఇంగ్లండులో వచ్చిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ కూడా డైపోలే. జర్మనీలో పుట్టి, కాలిఫోర్నియాలో హ్యూలెట్ ప్యాకర్డ్‌లో ఇంజనీరుగా పనిచేసిన జీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ (1935–2018) ఓరియన్, ఎల్ఎక్స్521 అనే డైపోల్ స్పీకర్లను రూపొందించి, ఇంట్లో కట్టుకునేవాళ్లకు నమూనాలు అందించాడు. ఆయనకు నాలాంటివాళ్లం ఎంతో రుణపడి ఉన్నాం.

కట్టాలనుకుంటే ముందు టేపు తీసి హాలు కొలవండి. పలకకూ వెనక గోడకూ మధ్య కనీసం మీటరు చోటు వదలాలి. గోడకు ఆనిస్తే వెనక శబ్దం వెంటనే తిరిగొచ్చి పాటను మసకబారుస్తుంది. ఆ మీటరు చోటు ఇవ్వలేని ఇంట్లో డబ్బా స్పీకరే మేలు.