యంత్రం రాసే మినిట్స్‌లో మన పేట మాట ఉంటుందా?

నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో మీటింగు అంటే ముందుగా గుర్తొచ్చేది పొదుపు సంఘం మీటింగు. తర్వాత గ్రామసభ. సున్నపురాయి క్వారీకో, సిమెంటు ఫ్యాక్టరీ విస్తరణకో అనుమతి కావాల్సి వచ్చినప్పుడు టెంటు వేసి పెట్టే ప్రజాభిప్రాయ సేకరణ మూడోది. జయంతిపురంలో ఫ్యాక్టరీ ఉన్న రామ్‌కో సిమెంట్స్ లాంటి కంపెనీల బోర్డు మీటింగు కూడా ఈ నేలకు సంబంధించిందే. కాకపోతే అది ఇక్కడ జరగదు, చెన్నై లాంటి నగరాల్లో జరుగుతుంది.

ఈ నాలుగు మీటింగుల్లోకీ ఇప్పుడు సాంకేతికత వచ్చేసింది. జూమ్, టీమ్స్, గూగుల్ మీట్‌లలో మాట్లాడింది విని, రాసి, సారాంశం తీసి, ఎవరు ఏ పని చేయాలో జాబితా ఇచ్చే కృత్రిమ మేధ సహాయకులు ఉన్నాయి. కంపెనీలకు అది పాతబడిన సంగతే. మన ఊళ్ళకు సంబంధించిన కొత్త సంగతి వేరే ఉంది. 2025 ఆగస్టులో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 'సభాసార్' అనే పనిముట్టును విడుదల చేసింది. గ్రామసభ వీడియోనో ఆడియోనో అందులో ఎక్కిస్తే, కేంద్ర ప్రభుత్వ భాషా వేదిక 'భాషిణి' సాయంతో మాటల్ని అక్షరాల్లోకి మార్చి, మినిట్స్ తయారుచేసి ఇస్తుంది.

దీన్ని వెంటనే తిట్టిపోయాలని నాకు లేదు. చేత్తో రాసే మినిట్స్ పుస్తకం సంగతి మనకు తెలియనిదా? ముందు ఖాళీ పేజీలో సంతకాలు, వేలిముద్రలు పడతాయి, తీర్మానం ఎప్పుడో తీరిగ్గా రాస్తారు. జరగని సభ కూడా పుస్తకంలో జరిగిపోతుంది. వీడియో తప్పనిసరి అయితే కనీసం ఆ దొంగపని కష్టమవుతుంది. ప్రభుత్వం వైపు నుంచి చూసినా అవసరం అర్థమవుతుంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో ఒక్క రోజునే 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టారు. అన్ని సభల మినిట్స్ సరిగ్గా రాయడం కార్యదర్శులకు తేలిక కాదు.

అయితే యంత్రం ఈ పని ఎలా చేస్తుందో తెలుసుకుంటే మన మాట ఎక్కడెక్కడ జారిపోగలదో కనిపిస్తుంది. మొదట అది శబ్దాన్ని అక్షరాలుగా మారుస్తుంది. ఆ తర్వాత ఆ అక్షరాల నుంచి సారాంశం తీస్తుంది. ఈ రెండు మెట్ల దగ్గరా ప్రమాదం ఉంది.

మొదటి మెట్టు మైకు. యంత్రానికి వినపడింది మాత్రమే మాట. వేదిక మీద కూర్చున్నవాళ్ళ గొంతు స్పష్టంగా పడుతుంది. సభలో ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎవరు చివర నిలబడతారో చెప్పక్కర్లేదు. వెనకనుంచి ఒకామె లేచి మాట్లాడుతుంటే ముందున్నవాళ్ళు "కూర్చో అమ్మా" అంటారు. రెండు గొంతులు కలిసిపోయిన చోట యంత్రం దేన్ని పట్టుకుంటుంది? దగ్గరున్నదాన్ని. నందిగామ అసెంబ్లీ సీటు ఎస్సీలకు రిజర్వు అయినంత మాత్రాన గ్రామసభలో మైకు మన పేట దాకా రాదు.

పైగా యంత్రానికి అందరి మాటా ఒకేలా అర్థం కాదు. 2020లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అమెజాన్, ఆపిల్, గూగుల్, ఐబీఎం, మైక్రోసాఫ్ట్ కంపెనీల వ్యవస్థల్ని పరీక్షించారు. తెల్లవాళ్ళు మాట్లాడితే నూటికి సగటున 19 మాటలు తప్పు పడ్డాయి, నల్లవాళ్ళు మాట్లాడితే 35. యంత్రానికి జాతి ద్వేషం ఉండి కాదు. దానికి నేర్పిన మాటల్లో నల్లవాళ్ళ మాట తక్కువ. తెలుగులోనూ ఎవరి మాటతో నేర్పారన్నదే ప్రశ్న. న్యూస్ చదివే తెలుగు వేరు, తెలంగాణ సరిహద్దులో మిర్చి కోతకు పోయొచ్చిన ఆడమనిషి తెలుగు వేరు. ఆమె "బిల్లు రాలా" అంటుంది. బిల్లు రాలేదని అర్థం. ఆ చివరి 'లా' ఒక్కటే కాదనే మాట. యంత్రం దాన్ని "రావాలా" అని పట్టుకుంటే ఫిర్యాదు కాస్తా ప్రశ్న అవుతుంది.

వినకపోవడం ఒకటైతే, అననిది రాయడం ఇంకొకటి. ఓపెన్ఏఐ వారి 'విస్పర్' మీద కార్నెల్ పరిశోధకులు పాల్గొన్న అధ్యయనం 2024లో వచ్చింది. పరీక్షించిన ఆడియో ముక్కల్లో సుమారు ఒక శాతంలో ఎవరూ అనని మాటలు, వాక్యాలు వచ్చి చేరాయి. మనిషి మధ్యలో ఎక్కువసేపు ఆగినప్పుడు ఇలా జరగడం ఎక్కువ. పెద్దవాళ్ళ ముందు తడబడుతూ, ఆగి ఆగి మాట్లాడేది ఎవరో ఆలోచించండి. ఈ రెండు పరీక్షలూ ఇంగ్లీషు మీద చేసినవి. తెలుగులో ఇలాంటి పరీక్ష చేయడం మన విశ్వవిద్యాలయాల విద్యార్థులకు మంచి పరిశోధనాంశం అవుతుంది.

నన్ను ఎక్కువ భయపెట్టేది రెండో మెట్టు, సారాంశం. "పైపులైను ఊళ్ళో అన్ని వీధులకూ వేసి మాదిగపల్లె మలుపు దగ్గర ఆపేశారు" అని ఒకాయన అన్నాడనుకోండి. యంత్రం ప్రతి అక్షరం సరిగ్గానే విన్నదనుకుందాం. సారాంశంలో అది "తాగునీటి సరఫరాపై సభ్యులు తమ అభిప్రాయాలు తెలియజేశారు" అయిపోవచ్చు. అబద్ధం లేదు. కులం లేదు, ఆపినవాడు లేడు, ఆగిన చోటు లేదు. రేపు ఎస్సీ కమిషన్‌కు అర్జీ పెట్టాలన్నా, అట్రాసిటీ కేసులో ముందే చెప్పామని చూపించాలన్నా ఆ మినిట్స్ ఎందుకూ పనికిరావు. ఊరి కరణాలు, కార్యదర్శులు ఇలాంటి మర్యాద భాష ఎప్పటినుంచో రాస్తున్నారు. యంత్రానికి నేర్పిందీ అలాంటి ఆఫీసు భాషే. గ్రామం గురించి అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అన్న కటువైన మాటలు మనకు దక్కాయంటే, అక్కడ సారాంశం కాక ఉన్నది ఉన్నట్టు రాసుకున్నారు గనుకే.

మరి తప్పు పడితే దిద్దుకునే హక్కు ఎవరికి ఉంది? ఇక్కడ కంపెనీల చట్టాన్ని చూడాలి. డైరెక్టర్లు వీడియోలో బోర్డు మీటింగు పెట్టుకోవచ్చని 2013 చట్టమే అనుమతించింది. 2014 నిబంధనల ప్రకారం మొదట ప్రతి డైరెక్టరూ తన పేరు, ఎక్కడినుంచి మాట్లాడుతున్నదీ, అజెండా అందిందనీ చెప్పాలి. మీటింగు అయిన 15 రోజుల్లో ముసాయిదా మినిట్స్ డైరెక్టర్లకు పంపాలి. తప్పుంటే చెప్పడానికి హాజరైనవాళ్ళకు 7 రోజులు ఉంటాయి. కోట్ల వ్యాపారం చేసేవాళ్ళు తమ మాట కాగితం మీద ఎలా పడుతుందో అంత జాగ్రత్త తీసుకున్నారు.

మనకు అలాంటిది ఒకటి ఉంది. చాలామందికి తెలియదు. పర్యావరణ అనుమతుల కోసం 2006 సెప్టెంబరు 14న వచ్చిన ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం, ప్రజాభిప్రాయ సేకరణ మొత్తాన్నీ వీడియో తీయాలి. చివర్లో సారాంశాన్ని అక్కడున్న జనానికి స్థానిక భాషలో చదివి వినిపించి, వివరించాలి. ఒప్పుకున్న మినిట్స్ మీద అదే రోజు కలెక్టరో, ఆయన తరఫున వచ్చిన అధికారో సంతకం పెట్టాలి. జగ్గయ్యపేట వైపు క్వారీ, సిమెంటు హియరింగులకు వెళ్ళే మిత్రులు భోజనాల వేళకు లేచి వచ్చేయకుండా ఆ చదివే ఘట్టం దాకా కూర్చోవాలి. చదవకపోతే చదవమనాలి. ఎవరి మాటైనా పోతే అక్కడే లేచి చెప్పాలి. వీడియో నడుస్తూనే ఉంటుంది కదా.

పొదుపు సంఘం దగ్గరికొస్తే వ్యవహారం ఇంకా సున్నితం. అది మన ఆడవాళ్ళ అసలైన వ్యాపార సమావేశం. సంఘాలకు తనఖా లేకుండా 20 లక్షల దాకా బ్యాంకు అప్పు వస్తోంది. పదిమంది గుండ్రంగా కూర్చుని, ఎవరు ఎంత కట్టారు, ఎవరికి ఎంత బాకీ అని పైకి చదవడమే ఆ మీటింగు ప్రాణం. చదువు రానామె కూడా విని తన లెక్క పట్టుకునేది. ఇప్పుడు లెక్కలు 'లోకోస్' లాంటి యాప్‌లలోకి పోతున్నాయి. రాష్ట్రంలో సెర్ప్ 'మన డబ్బులు – మన లెక్కలు' అని యాప్ తెచ్చింది. సభ్యురాలు తన లెక్క తానే చూసుకోగలిగితే అంతకంటే కావాల్సిందేముంది? సంఘం పేరు మీద అప్పు తీసుకుని వాడేసుకున్న కథలు మనం తరచూ వింటున్నవే. కానీ చూసుకోవడానికి ఫోను ఉండాలి, అది చేతిలో ఉండాలి. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న మహిళలు నూటికి 21 మంది, మగవాళ్ళు 49 మంది దాకా. ఆ తర్వాత పెరిగే ఉంటుంది గానీ తేడా ఒక్కసారిగా పోదు. వీఓఏ ఫోనులో ఎంట్రీ కొట్టేసి "అయిపోయింది అక్కా, మీరు పోండి" అంటే, పుస్తకం ఉన్న రోజుల్లో వినపడిన లెక్క కూడా వినపడదు. ఎంట్రీ అయ్యాక స్క్రీను మీద ఉన్నది పేరు పేరునా పైకి చదవమని సంఘం తీర్మానం చేసుకోవచ్చు. దానికి ఏ జీవో అక్కర్లేదు.

గ్రామసభలోనూ అడగాల్సింది అదే. యంత్రం ఇచ్చిన మినిట్స్‌ను సంతకానికి ముందు సభలో చదవాలి. మాట్లాడేవాళ్ళు తమ పేరు, పేట పేరు చెప్పి మొదలుపెడితే ఎవరి మాటో రికార్డులో తెలుస్తుంది. మైకు మన వరసల దాకా వచ్చేలా ముందే పట్టుబట్టాలి. మినిట్స్‌తో పాటు అసలు వీడియో కాపీ కోసం సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు పెట్టాలి. వ్యక్తిగత సమాచారం అని నిరాకరించే వీలు ఎక్కువైంది. డేటా రక్షణ చట్టం ద్వారా సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చారు, ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. అయినా ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చన్న 8(2) అలాగే ఉంది. దరఖాస్తులోనే ఆ సెక్షన్ పేర్కొని, సభ బహిరంగంగా జరిగిందన్న సంగతి కూడా రాయండి.