బిడ్డకొరకు ఎదురుచూపు

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణములోని న్యూ సెటిల్‌మెంట్ నివాసులకు ఎదురుచూచుట క్రొత్త కాదు. క్వార్టరు కావలెనన్నను, బదిలీ కావలెనన్నను, సీనియారిటీ పట్టికలో తమ పేరు పైకి వచ్చువరకు ఆగవలెనని ఇచటి తెలుగు కుటుంబములు మూడు నాలుగు తరములుగా ఎరుగును. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలమున శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పనికై వచ్చినవారి మనుమలు నేడు హైదరాబాదునందును, బెంగుళూరునందును, సముద్రముల కావలి దేశములందును ఉన్నారు. పట్టికలకు అలవాటుపడిన ఈ కుటుంబములకు సైతము ఒక పట్టిక అంతుపట్టకున్నది. అది దత్తత కోరు దంపతుల పట్టిక.

ఇట్టి కుటుంబము నొకదానిని ఊహించుకొనవచ్చును. కుమారుడును కోడలును విదేశమందున్నారు. స్వదేశమునుండి బిడ్డను దత్తత చేసికొన నిశ్చయించి, పేరు నమోదు చేయించుకొని రెండేండ్లయినది. ప్రతి ఆదివారమును ఫోనులో తల్లి అడుగునది ఒక్కటే: "ఏమైనా తెలిసిందా నాయనా?" తెలియలేదు. గోల్‌బజారులో ఎరిగినవారు కనబడినప్పుడెల్ల "మనవడు ఎప్పుడొస్తున్నాడమ్మా?" అని పలకరింతురు. స్టేషను ప్లాట్‌ఫారముపై దిక్కులేని పిల్లలు కనబడుచుండగా, తన కుమారునికి ఒక్క బిడ్డ దొరకకుండుట యేలనని ఆమె సందేహము. ఆ సందేహము సహజమైనదే. దానికి సమాధానము తెలిసినచో ఎదురుచూపు తగ్గదు గాని, దాని అర్థము బోధపడును.

ప్లాట్‌ఫారముపై ఒంటరిగా కనబడిన బిడ్డకు ఎచటనో తల్లి యుండవచ్చును. బండిలో తప్పిపోయిన బిడ్డ కావచ్చును. కొట్టినారని ఇల్లు విడిచి వచ్చిన బిడ్డ కావచ్చును. అట్టి బిడ్డను చూచినవారు 1098 నంబరుకు తెలుపవలెనే గాని ఇంటికి తీసికొనిపోరాదు. బాలల న్యాయ చట్టము ప్రకారము బిడ్డను 24 గంటలలో బాలల సంక్షేమ సమితి యెదుట ఉంచవలెను. సమితివారు విచారణ జరిపించి కన్నవారిని వెదకింతురు. ఎవ్వరును కానరానప్పుడే ఆ బిడ్డను దత్తతకు అర్హునిగా ప్రకటింతురు. ఇందుకు రెండేండ్ల లోపు శిశువు విషయమున రెండు నెలలు, అంతకు పెద్దబిడ్డ విషయమున నాలుగు నెలలు గడువు. కన్నతల్లియే స్వయముగా వచ్చి బిడ్డను అప్పగించినను, మనస్సు మార్చుకొనుటకు ఆమెకు 60 దినముల అవకాశము కలదు. ముందు స్టేషనునుండి లైన్ క్లియర్ రానిదే బండి కదలనట్లు, ఈ ప్రకటన రానిదే దత్తత కదలదు. బాలల గృహములందున్న పిల్లలలో అనేకులకు కన్నవారో దగ్గరి బంధువులో ఉన్నారు. పేదరికము మాత్రమే వారిని ఎడబాపినది. వారికి కావలసినది క్రొత్త తల్లిదండ్రులు కాదు, తమ తల్లిదండ్రులకు కొంత ఆసరా.

కావుననే దత్తతకు సిద్ధముగా నున్న పిల్లలు కొద్దిమంది, కోరువారు వేలాదిమంది. 2024-25 ఆర్థిక సంవత్సరమున దేశమందు 4,515 దత్తతలు జరిగినవి. ఇందు 4,155 దేశములోని కుటుంబములకే. మిగిలిన 360 మంది పిల్లలు మాత్రమే విదేశములకు వెళ్లినారు. ఆరోగ్యముగల పసిబిడ్డను కోరువారి నిరీక్షణ మూడేండ్లు దాటుచున్నది.

విదేశీ దత్తత చరిత్ర యెరిగినవారికి ఈ జాగ్రత్త అతిగా తోచదు. కొరియా యుద్ధము ముగిసిన 1953 తరువాత వేలకొలది కొరియా పిల్లలు అమెరికాకును ఐరోపాకును వెళ్లినారు. నాడు దానిని దయాకార్యముగానే లోకము చూచినది. పెరిగి పెద్దవారై తమ మూలములు వెదకికొన్నవారిలో కొందరికి, తాము అనాథలమను వ్రాత అబద్ధమని తెలిసినది. పిల్లల వివరములు తారుమారు చేయబడినవని 2025లో ఆ దేశపు సత్యశోధక సంఘమే వెల్లడించినది. నెదర్లాండ్స్ ప్రభుత్వము 2021లో విదేశీ దత్తతలను నిలిపివేసినది. చైనా 2024లో తన పిల్లలను విదేశీయులకు దత్తతనిచ్చుట ముగించినది.

భారతదేశము కూడ ఈ దోషమునకు అతీతము కాదు. లక్ష్మీకాంత పాండే వ్యాజ్యములో సుప్రీం కోర్టు 1984లో విదేశీ దత్తతలకు కట్టుబాట్లు విధించినది. 1990లో కేంద్ర దత్తత సంస్థ, అనగా కారా, ఏర్పడినది. అయినను ఆంధ్రప్రదేశ్‌లో 1999లోను 2001లోను లంబాడీ తండాలనుండి పసికందులను కొనుగోలుచేసి దత్తతకు పంపిన ఉదంతములు బయటపడినవి. 1993 నాటి హేగ్ ఒడంబడికను భారతదేశము 2003లో ధ్రువీకరించినది. బిడ్డకు మొదట కన్నవారి ఇల్లు, అది కుదరనిచో స్వదేశములోనే మరియొక ఇల్లు, అదియు కుదరనిచో పరదేశము అనునది దాని క్రమము. ఖరగ్‌పూర్‌కు దూరము కాని ఉత్తర 24 పరగణాల జిల్లాలోనే 2016 నవంబరులో ఒక ముఠా పట్టుబడినది. బిడ్డ చచ్చిపుట్టినదని తల్లులను నమ్మించి, నవజాతశిశువులను బిస్కట్ల పెట్టెలలో దాచి అమ్మినారు. కొన్నవారిలో కొందరు తాము పుణ్యకార్యమే చేయుచున్నామనుకొని యుందురు.

"మూడేండ్లు ఏల, మూడు వారములలో ఇప్పింతును" అని నర్సింగు హోమునుండి ఎవరైన చెప్పినచో, ఆ బిడ్డకొరకు మరియొక తల్లి యేడ్చుచున్నదని గ్రహింపవలెను. బిడ్డను కొనుట, అమ్ముట ఐదేండ్ల కఠిన కారాగారశిక్షకును లక్ష రూపాయల జరిమానాకును తగిన నేరము. నియమిత రుసుము తప్ప మరేమియు ఎవ్వరికిని చెల్లింపవలసిన పనిలేదు.

విదేశమందున్నవారు అనుసరింపవలసిన మార్గము ఇది. తామున్న దేశములో కారా గుర్తింపుపొందిన సంస్థ ద్వారా పేరు నమోదు చేయించుకొనవలెను. ఆ సంస్థయొక్క సాంఘిక కార్యకర్త ఇంటికి వచ్చి గృహస్థితి నివేదిక వ్రాయును. అది మూడేండ్లు చెల్లును. భారత పౌరసత్వముగల ప్రవాసులు పట్టికలో స్వదేశములోని వారితో సమానులు. విదేశీ పౌరుల వంతు వారి తరువాతనే. బిడ్డ కుదిరిన పిమ్మట కారా నిరభ్యంతర పత్రము, జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వు, పాస్‌పోర్టు, ఆ దేశపు ప్రవేశానుమతి వరుసగా రావలెను. ఉత్తర్వు నిచ్చు అధికారము 2022 సెప్టెంబరునుండి న్యాయస్థానములకు బదులు జిల్లా మేజిస్ట్రేటులకు వచ్చినది. బయలుదేరుటకు ముందే విచారింపవలసిన విషయ మొకటి కలదు: బిడ్డను రానిచ్చుట ఆయా దేశముల చట్టముపై ఆధారపడును. అమెరికాలో హేగ్ మార్గమున దరఖాస్తు పెట్టుటకు దంపతులలో ఒకరైనను ఆ దేశపు పౌరులై యుండవలెను. అన్నదమ్ముల, అక్కచెల్లెండ్ర బిడ్డను తెచ్చి పెంచుకొనుట తెలుగువారిలో పూర్వమునుండి ఉన్నదే; అట్టి బిడ్డయైనను విదేశమునకు వెళ్లవలెనన్నచో ఇంటిలో దత్తహోమము జరిపినంత మాత్రమున చాలదు, కారా అనుమతి వలయును.

ఇంతవరకు చెప్పినది పెద్దల నిరీక్షణ. బిడ్డ కూడ నిరీక్షించుచునే యున్నాడు. ఈ రెండవ నిరీక్షణను గూర్చి బంధువులు ఆలోచించుట తక్కువ. తల్లి సంరక్షణకును బిడ్డ మానసిక ఆరోగ్యమునకును గల సంబంధమును జాన్ బౌల్బీ అను ఆంగ్ల వైద్యుడు 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదించినాడు. ఈ శతాబ్దారంభమున రుమేనియా రాజధాని బుఖారెస్టులో, అనాథగృహముల పిల్లలను కొందరిని పెంపుడు కుటుంబములకు పంపి, అచటనే యుండినవారితో పోల్చి చూచినారు. కుటుంబములలోనికి వెళ్లిన పిల్లల బుద్ధివికాసము మెరుగైనది. రెండేండ్ల లోపుననే వెళ్లినవారికి కలిగిన మేలు మరింత అధికము. వేళకు పాలు, శుభ్రమైన పక్క మాత్రమే చాలవు. ఏడ్చినప్పుడు ఎత్తుకొను చేయి ప్రతిదినము ఒక్కటే కావలెను. కాబట్టి విచారణ నిజాయితీగా జరుగుట యెంత ముఖ్యమో, అనవసరముగా జాగుపడకుండుటయు అంతే ముఖ్యము. కాగితము బల్లపై పడియున్న ప్రతి మాసమును బిడ్డ వయస్సునుండియే తరిగిపోవుచున్నది.

ఎక్కువమంది కోరునది ఏడాది నిండని, ఏ లోపమును లేని శిశువునే. పట్టికలో పొడుగైన వరుస అదే. నాలుగైదేండ్ల బాలుడు, విడదీయరాని అక్కాతమ్ముళ్లు, గుండెలో చిన్న రంధ్రముతో పుట్టిన పాప, వినికిడి తగ్గిన బిడ్డ - వీరికొరకు అడుగువారు తక్కువ. విదేశములకు వెళ్లుచున్న పిల్లలలో పెక్కుమంది ఇట్టివారే. గ్రహణమొర్రి వంటి లోపములు శస్త్రచికిత్సతో సరిదిద్దదగినవి. "ఐదేళ్లవాడు మనల్ని అమ్మానాన్నా అంటాడా?" అను భయము పెద్దలలో తరచుగా నుండును. అనును, అయితే అందుకు కొన్ని మాసములు పట్టవచ్చును. దంపతుల వయస్సు సైతము లెక్కకు వచ్చును. ఇరువురి వయస్సులును కలిపి 85 దాటినచో రెండేండ్ల లోపు బిడ్డను ఇయ్యరు. 90 వరకు రెండునుండి నాలుగేండ్ల బిడ్డను, 100 వరకు నాలుగునుండి ఎనిమిదేండ్ల బిడ్డను కోరవచ్చును. సంతానచికిత్సలలో పది పన్నెండేండ్లు గడిపి, చిట్టచివరకు దత్తతను తలంచువారు ఈ లెక్కను మరువరాదు. సంతానలేమికి కోడలినే నిందించు అలవాటు ఇంకను పోలేదు. కారణము పురుషునియందును ఉండవచ్చునని ఏ వైద్యుడైనను చెప్పును. పెంచుకొన్నచో కడుపు పండునని బిడ్డను తెచ్చుకొనుట మరియొక పొరపాటు. దత్తత వంధ్యత్వమునకు ఔషధము కాదు.

బిడ్డ కుదిరినప్పుడు చిత్రముతోపాటు వైద్యపరీక్షల నివేదిక వచ్చును. ఆనందముతో సంతకముచేయక, దానిని తమకు నమ్మకమైన వైద్యునికి చూపవచ్చును. నియమములు అందుకు అనుమతించుచున్నవి. బరువు, పొడవు, తలచుట్టుకొలత, రక్తపరీక్షలు, టీకాలు అందుండును. సంస్థలలో పెరిగిన శిశువు తూకము తక్కువగా నుండుట, నడక మాట ఆలస్యమగుట సామాన్యము. ఇంటి తిండి, ఒడి లభించిన పిమ్మట అనేకులు వేగముగా కోలుకొందురు. నిరీక్షణ కాలమున దంపతులు తమ రక్తపోటు, మధుమేహము పరీక్షించుకొని అదుపులో నుంచుకొనుట మేలు. నిద్ర పట్టకపోవుట, ఇతరుల సీమంతములకు పోవుటకు మనస్సొప్పకపోవుట సిగ్గుపడవలసినవి కావు, వైద్యునికి చెప్పుకొనవలసినవి.

బిడ్డ వచ్చిన తొలి వారములలో ఇంటినిండ చుట్టములను పిలువరాదు. ఎత్తుకొనుట, తినిపించుట, నిద్రపుచ్చుట కొంతకాలము తల్లిదండ్రులే చేయవలెను. నాయనమ్మకు ఇది కష్టమే. కాని ఆమెకు తగిన పని వేరొకటి కలదు. బిడ్డ ఒడిశానుండి రావచ్చును, మహారాష్ట్రమునుండి రావచ్చును, బెంగాలీ మాటలతోనే రావచ్చును. విదేశమందలి ఇంటికి ఆ భాష తెలియకపోవచ్చును. ఇంటిలో తెలుగు, బజారులో బెంగాలీ, పనిలో హిందీ మాటలాడుచు జీవితము గడపిన న్యూ సెటిల్‌మెంట్ తల్లి, ఆకలి, నిద్ర, నొప్పి, భయము అను నాలుగు మాటలు ఆ బిడ్డ భాషలో ముందుగా నేర్చి కోడలికి నేర్పగలదు.

విదేశమునకు వెళ్లిన బిడ్డను గూర్చి మొదటి సంవత్సరము మూడు నెలలకొకసారి, రెండవ సంవత్సరము ఆరు నెలలకొకసారి నివేదిక కారాకు చేరవలెను. దత్తత సంగతి బిడ్డకు దాచిపెట్టక, మాటలు తెలిసిననాటినుండియే కథవలె చెప్పుచు రావలెను. ఇరుగుపొరుగువారి నోట మొదట వినుటకన్న అది మేలు. 18 ఏండ్లు నిండిన తరువాత తన మూలములను గూర్చి విచారించు హక్కు ఆ బిడ్డకు కలదు. అందుచేత సమితి ప్రకటన, వైద్యనివేదిక, మేజిస్ట్రేటు ఉత్తర్వు, వచ్చిననాడు తొడుగుకొనియున్న గౌను - వీనినన్నిటిని ఒక పెట్టెలో భద్రపరచి, ఆ పెట్టె బిడ్డదేనని ఇంటిలో అందరికిని చెప్పియుంచవలెను.